నేతగుడ్డ వంటి దేహము: కణజాలముల కథ



పొలముగట్టున నిలిచిన చెట్టును గొడ్డలితో పడగొట్టక చంపదలచిన రైతు, మొదట చుట్టును జానెడు మేర బెరడును మాను కనబడువరకు ఒలిచి ఊరకుండును. ఆకులు వెంటనే వాడవు. కొన్నాళ్లు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, చెట్టు పచ్చగనే యుండును. పిదప వేళ్లు చచ్చును; వేళ్ల వెంట చెట్టును చచ్చును. తాటిమానుపై ఇట్లే పైపొరను చెక్కినచో తాడు చావదు. ఈ సంగతి మన పల్లెలలో చాలమంది యెఱిగినదే. కాని నీరు త్రాగు వేళ్లు నేలలో చెక్కుచెదరక యుండగా, ఎండ త్రాగు ఆకులు పైన పచ్చగ నుండగా, నడుమ నొక పట్టెడు బెరడు పోయినంతమాత్రమున చెట్టేల చచ్చును? తాడేల బ్రతుకును? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు మనుష్యులకు రెండువందల యేండ్లకు పైగ పట్టినది. ఆ సమాధానము వెదకుచు పోయినవారికి చెట్టు మర్మము మాత్రమే గాక, మన దేహముల మర్మమును తెలియవచ్చినది. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయదలచితిని.

దేహము ఏకపదార్థము గాదని మన పూర్వులు చక్కగ నెఱుగుదురు. రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అని ఆయుర్వేదము సప్తధాతువులను చెప్పినది. ధరించునది గావున ధాతువు. తిన్న అన్నము ఒక ధాతువునుండి మఱియొక ధాతువుగ పరిణమించునని వారి సిద్ధాంతము. సుశ్రుతుడు చర్మమునకే ఏడు పొరలను లెక్కించెను. కంటికి గోచరించునంతమేర వారు జాగ్రత్తగ చూచిరి, పేర్లు పెట్టిరి, ప్రతి ధాతువునకు నొక పని కలదని చెప్పిరి. కంటిచూపు ఆగిపోవు చోటునకు ఆవల నేమున్నదో తెలియవలెనన్న, చూపునకు సాయము కావలసి వచ్చినది. ఆ సాయము అద్దపుబిళ్లల రూపమున పదునేడవ శతాబ్దమున యూరపుఖండమున లభించినది.

1665వ సంవత్సరమున లండను నగరమున రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు బిరడాచెక్కను పలుచని ముక్కగ కోసి సూక్ష్మదర్శినిలో చూచెను. అది తేనెపట్టువలె చిన్నచిన్న గదులతో నిండియుండెను. క్రైస్తవమఠములలో సన్యాసులుండు చిన్నగదుల పేరే వానికి పెట్టెను. మనము వానిని కణములనుచున్నాము. ఒక చదరపు అంగుళములో అట్టి గదులు పదిలక్షలకు మించియుండునని ఆయన లెక్కకట్టెను. అయితే ఆయన చూచినది చచ్చిన చెక్క. గోడలు కనబడినవి గాని, ఆ యింట నొకప్పుడు కాపురమున్న జీవపదార్థము కనబడలేదు.

ఇంతకు కొంచెము ముందే ఇటలీదేశమున మార్చెల్లో మాల్పీఘీ యను వైద్యుడొక పెద్ద చిక్కును విడదీసెను. గుండె నెత్తురును ధమనులలోనికి నెట్టుననియు, అది సిరలద్వారా మరల గుండెకు చేరుననియు 1628లో ఇంగ్లండునకు చెందిన విలియమ్ హార్వీ నిరూపించియుండెను. కాని ధమనిని విడిచిన నెత్తురు సిరలోనికి ఏ దారిని పోవునో హార్వీ చూడలేకపోయెను. 1657లో మరణించువరకు ఆ దారి ఆయనకు కనబడలేదు. ఆపై నాలుగేండ్లకు, 1661లో, మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, వెండ్రుకకన్న సన్నని నాళములు ధమనిని సిరను కలుపుచుండుటను కన్నులార చూచెను. అవియే రక్తకేశనాళికలు.

ఆ మాల్పీఘీయే పిదప మొక్కలవంకకు మరలెను. కొమ్మచుట్టును బెరడు నొలిచి ఏమగునో చూచెను. ఒలిచిన చోటికి పైభాగమున బెరడు ఉబ్బెను, క్రిందిభాగము ఉబ్బలేదు. ఆకులలో పక్వమైన రసము బెరడుగుండ క్రిందికి దిగుచున్నదనియు, దారి తెగినచోట నిలిచిపోయి ఉబ్బు కలిగించుచున్నదనియు ఆయన ఊహించెను. మన గట్టుమీది చెట్టు ప్రశ్నకు ఇది తొలి సమాధానము. అదేకాలమున ఇంగ్లండులో నెహెమయా గ్రూ అను వైద్యుడు 1682లో ప్రకటించిన వృక్షశరీర గ్రంథమున, మొక్క లోపలి కట్టడిని దారములతో అల్లిన సన్నని లేసుతో పోల్చెను. ప్రాణిదేహమును నేతపనితో పోల్చుట ఆ కాలముననే శాస్త్రమున ప్రవేశించెను.

ఆ పోలికను దేహశాస్త్రమున స్థిరపఱచినవాడు ఫ్రాన్సుదేశపు క్సావియే బిషా. ఆయన 1771లో పుట్టెను. విప్లవముచే అల్లకల్లోలమైన పారిస్ నగరమునకు వచ్చి వైద్యము నేర్చెను. ఒక్క శీతకాలముననే ఆఱువందల శవములను కోసి పరీక్షించెనని చెప్పుదురు. చిత్రమేమనగా, ఆయన సూక్ష్మదర్శినిని నమ్మలేదు. ఆనాటి అద్దములు రంగులు పులిమి, లేని ఆకారములను చూపుచుండెడివి. అందుచే ఆయన శరీరభాగములను ఉడికించెను; ఎండబెట్టెను; నీటిలో నానబెట్టెను; ఆమ్లములలో వేసెను. గుండెయైనను, కడుపైనను, కన్నైనను, ఏ యవయవము చూచినను కొన్ని మూలపదార్థములే మరల మరల వేర్వేరు పాళ్లలో కలసియుండుటను కనిపెట్టెను. ఫ్రెంచిభాషలో నేసిన గుడ్డకు ఏ మాట కలదో ఆ మాటనే వానికి పెట్టెను. 1801లో ప్రకటించిన గ్రంథమున అట్టివి ఇరువదియొకటి కలవని వర్ణించెను. మనము కణజాలమనునది దీనినే.

ఈ మాటవలన వైద్యము దిశ మారినది. అంతకుముందు కడుపునకు రోగము వచ్చెననియో, ఊపిరితిత్తికి వచ్చెననియో అనుచుండిరి. బిషా అట్లు గాదనెను. ఒక యవయవములో ఒక పొరకు రోగము వచ్చి ప్రక్కపొర ఆరోగ్యముగ నుండవచ్చును. అదేజాతి పొర వేఱొక యవయవమున నున్నచో దానికిని అట్టి రోగమే రావచ్చును. రోగి పరుండిన మంచము ప్రక్కను తెలిసిన లక్షణమును, శవపరీక్షలో కనబడిన పొరతో జతపఱచుట అప్పటినుండి వైద్యులకు మార్గమైనది. ఆయన మాత్రము ఆ ఫలము ననుభవింపలేదు. 1802 జూలైలో, ముప్పదియొకటవ యేడు నిండకమునుపే, జ్వరముతో మరణించెను. ఉడికించియు నానబెట్టియు ఇంత చూచినవాడు, తాను నమ్మని ఆ యద్దము బాగుపడిననాడు ఏమి చూచియుండునో గదా అని నాకు తోచుచుండును.

అద్దములు నిజముగనే బాగుపడినవి. 1831లో రాబర్టు బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కకణములలో నొక గుండ్రని కేంద్రకమును గుర్తించి దానికి పేరు పెట్టెను. ఒకనాడు జర్మనీలో మథియాస్ ష్లైడెన్, థియొడార్ ష్వాన్ అను ఇద్దఱు మిత్రులు కలసి భోజనము చేయుచుండగా, ష్లైడెన్ మొక్కకణములలోని కేంద్రకమును గూర్చి ప్రస్తావించెను. ష్వాన్ కు తాను జంతువుల వెన్నుపోగులో చూచిన కణములలోను అట్టిదే యున్నట్లు తోచెను. 1838లో ష్లైడెన్ మొక్కలు కణమయములనియు, 1839లో ష్వాన్ జంతువులును అట్లేయనియు ప్రకటించిరి. మఱ్ఱిచెట్టునకును, దాని నీడను నెమరువేయు ఎద్దునకును, ఆ యెద్దును తోలు మనుష్యునకును కట్టడి యిటుక యొకటేయని తేలినది.

అయితే క్రొత్తకణము ఎక్కడనుండి పుట్టును? ద్రవములో స్ఫటికము కట్టినట్లు కణము కట్టునని ఆ యిద్దఱును నమ్మిరి. అది సరికాదు. ఉన్నకణము రెండుగ చీలుటచేతనే క్రొత్తకణము పుట్టునని 1852లో బెర్లినులోని రాబర్టు రీమాక్ స్పష్టముగ వ్రాసెను. ఆయన యూదుడగుటచే ఆనాటి ప్రష్యారాజ్యమున పూర్ణాచార్యపదవి ఆయనకు దక్కలేదు. 1855లో రుడాల్ఫ్ ఫిర్హో యను వైద్యుడు ప్రతికణమును కణమునుండియే పుట్టునని సూత్రముగ చాటెను. లోకమా సూత్రమును ఫిర్హో పేరనే చెప్పుకొనెను. ఎవరి పేర నిలిచినను మాట మాత్రము గొప్పది. 1858లో ఫిర్హో తన గ్రంథమున దేహమును పౌరులతో నిండిన రాజ్యముతో పోల్చి, రోగమనగా కణములకు కలిగిన మార్పేయని బోధించెను.

ఇక మన చెట్టు సంగతికి వత్తము. 1837లో జర్మనీకి చెందిన అటవీశాస్త్రజ్ఞుడు థియొడార్ హార్టిగ్ బెరడు లోపలిపొరలో జల్లెడవంటి అడ్డుపలకలు గల సన్నని గొట్టములను కనుగొనెను. 1858లో కార్ల్ నేగెలి యను స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు మ్రానులోని నీటిదారికిని, బెరడులోని ఆహారపుదారికిని వేర్వేరు పేర్లు పెట్టెను. మొదటిది దారువు, రెండవది పోషకజాలము. వేళ్లు పీల్చిన నీరు దారువుగుండ పైకి పోవును. ఆ గొట్టములలోని కణములు పనికి వచ్చునాటికే చచ్చియుండును. చచ్చి, లోపల ఖాళీయై, గోడలు మాత్రము నిలిచి నీటికి దారి యిచ్చును. ఆకులలో ఎండ సాయమున తయారైన చక్కెర పోషకజాలముగుండ వేళ్లకు దిగును. ఈ గొట్టములు బ్రతికియున్నకణములతో నేర్పడినవి.

బెరడు ఒలిచిన రైతు కోసినది నీటిదారిని గాదు. వేళ్లకు కూడు చేర్చు దారిని. కావుననే ఆకులు కొంతకాలము పచ్చగ నుండును. వేళ్లు మాత్రము ఆకలిచే చచ్చును. వేళ్లు చచ్చినపిదప ఆకులకు నీరందదు. తాటిమానులో ఈ రెండు దారులును బెరడు క్రింద వలయముగ నుండవు. నీటిగొట్టములును ఆహారపుగొట్టములును కలసి మోపులు మోపులుగ మానంతటను చెదరియుండును. పైన చెక్కినను లోపలి మోపులు నిలుచును. అందుచే తాడు చావదు.

చెట్టులోని కణజాలములు ఇవి మాత్రమే కావు. వేరుకొనయందును, చిగురునందును నిరంతరము చీలుచు క్రొత్తకణములను పుట్టించు విభాజ్యకణజాలము కలదు. మామిడివంటి చెట్లలో బెరడునకును మ్రానునకును నడుమ అట్టి పొరయే యొకటి కలదు. ఏటేట చెట్టు లావెక్కుట దానివలననే. మామిడికి అంటు కట్టువారు తెలిసియో తెలియకయో ఈ పొరను ఈ పొరతో కలిపి బిగింతురు. అవి కలిసిన అంటు పట్టును; తప్పిన ఎండును. తాటికిని వరికిని అట్టి పొర లేదు. గడ్డిజాతులలో ఆకు అడుగుభాగమున పెరుగుకణములుండుటచే పశువు పైభాగమును మేసినను గడ్డి మరల పెరుగును. మఱి గోగునార, జనుపనార అనునవి కాండపు బెరడులోని పొడుగాటి నారకణములు. చెట్టును నిలువబెట్టు బలము వానిది. ప్రత్తి మాత్రము వేఱు; అది గింజ పైపొరకణము వెండ్రుకవలె సాగినది. బిషా కణజాలమునకు గుడ్డ పేరు పెట్టెను. మన గుడ్డయే కణములతో నేసినదని దీనివలన తేలుచున్నది.

జంతుదేహమున శాస్త్రజ్ఞులు నేడు నాలుగు ప్రధానకణజాలములను చెప్పుదురు. మొదటిది ఉపకళ, అనగా కప్పు పొర. చర్మపు పైభాగము, నోటి లోపలిపొర, ప్రేగుల లోపలిపొర దీనివే. కాపాడుట, పీల్చుకొనుట, స్రవించుట దీని పనులు. ప్రేగు లోపలిపొర కొద్దిదినములకే పూర్తిగ క్రొత్తది యగును. రెండవది సంయోజకకణజాలము, కట్టి నిలుపునది, నింపునది. ఎముక, మృదులాస్థి, స్నాయువు, క్రొవ్వు ఇందులోనివే. పశువు తోలు అడుగుపొర దీనితోడనే గట్టిపడినది. తంగేడుచెక్కతో ఊనబెట్టినపుడు చెడక నిలిచి చెప్పు అగునది ఆ పొరలోని నారలే. నెత్తురును ఈ జాతిలోనిదేయని చెప్పిన చాలమంది ఆశ్చర్యపడుదురు. అది పాఱు కణజాలము. ఎఱ్ఱకణములు ఎముకమూలుగలో పుట్టి సుమారు నూటయిరువది దినములు తిరిగి నశించును. మూడవది కండరము, ముడుచుకొనుటయే దాని విద్య. మన యిచ్ఛను బట్టి కదలునది, ఇచ్ఛ లేకయే ప్రేగులలో కదలునది, దినమునకు సుమారు లక్షసారులు గుండెలో కొట్టుకొనునది అని అది మూడువిధములు. నాలుగవది నాడీకణజాలము, కబురు మోయునది.

ఈ నాలుగవదానిని గూర్చి పెద్ద వివాదము నడచెను. 1873లో ఇటలీకి చెందిన కామిల్లో గాల్జీ వెండిలవణముతో నాడీకణములకు నలుపెక్కించు ఉపాయమును కనిపెట్టి, నాడులన్నియు ఒకే వలయై కలసియున్నవనెను. స్పెయినునకు చెందిన రామోన్ ఇ కహాల్ 1888నుండి గాల్జీ ఉపాయముతోడనే చూచి, ప్రతికణమును వేరు వేరుగ నిలిచి ప్రక్కదానికి కబురందించుననెను. 1906లో ఇద్దఱికిని కలిపి నోబెలు బహుమానము నొసగిరి. ఆ సభలోను వారి మాటలు కలియలేదు. కాలము కహాల్ పక్షమున నిలిచినది.

ఈ చరిత్రలో మన తెలుగువాని పేరు రెండుచోట్ల వచ్చును. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసు ఆయుర్వేదకళాశాలలో శరీరశాస్త్రమును బోధించి, 1923లో అమెరికా చేరిరి. అక్కడ హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ తో కలసి, కండరము ముడుచుకొనుటకు వలయు శక్తి ఏ పదార్థములలో నిలువయుండునో వెదకిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఏ.టి.పి. అను పదార్థము వారికి దొరకినవి. ఆ రెండవదానిని అదే యేట జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ కనుగొనెను. అరక దున్ను ఎద్దు భుజమునందును, కావడి మోయు మనుష్యుని పిక్కయందును పనిచేయు ఇంధనము ఆ పదార్థమే.

రెండవది నెత్తురు సంగతి. సుబ్బారావుగారి సోదరులిద్దఱు సంగ్రహణిజాతికి చెందిన స్ప్రూ అను వ్యాధికి బలియైరి. ఆ వ్యాధిలో ప్రేగు పొర చెడి ఆహారసారమును పీల్చుకొనలేక, నెత్తురు క్షీణించును. గర్భిణులలో నెత్తురు తరుగు వ్యాధి యొకటి ఈస్టుసారముతో కుదురుచున్నదని ల్యూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో పరిశోధించి 1931లో ప్రకటించియుండిరి. ఆ సారములోని మందు ఫోలికామ్లము. 1945నాటికి అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వమున దానిని కృత్రిమముగ తయారుచేసిరి. మూలుగలో కణములు చీలి క్రొత్తనెత్తురు పుట్టుటకు అది యావశ్యకము. ఆ యామ్లమునకు విరోధియైన మందును గూడ ఆ ప్రయోగశాలవారే చేసియిచ్చిరి. నెత్తురుకణములు హద్దుమీఱి పెరుగు వ్యాధి గల పిల్లలకు బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని వాడి, కొంతకాలమైనను వ్యాధి వెనుదీయుటను 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. అన్నదమ్ములను కోల్పోయిన యింటివాడు లోకమున కెందఱి యిండ్లలోనో దీపమును నిలిపినాడు.

కణము చీలుట జీవనము. హద్దుమీఱి చీలుట మరణము. ఈ మాట చెప్పి మన గ్రామములకు సంబంధించిన యొక విషయమును తలపెట్టకపోవుట న్యాయము గాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు పల్లెలలో చుట్టను వెలిగించినకొన నోటిలోపల నుంచి త్రాగు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు, స్త్రీలలోనే యెక్కువ. 1971లో ఆంధ్రప్రదేశ్ పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించిన పరిశోధన ప్రకటింపబడెను. అడ్డపొగ త్రాగువారి అంగిలి పొరలో మార్పులు విశేషముగ కనబడినవి. అంగిలిని కప్పినది ఉపకళ. నిత్యము కాలుచుండు పొగచుట్ట వేడికిని విషమునకును ఆ పొర తెల్లబడి మందమగును, పుండ్లు పడును, కొందఱిలో కణములు కట్టుబాటు తప్పి లోపలికి చొచ్చుకొనిపోవును. అదియే రాచపుండు, క్యాన్సరు. అది మొదట నొప్పి పెట్టదు గావున ఎవరును లెక్కచేయరు.

మీరు ఊరిలో మాట చెల్లు పెద్దలు. కోడలికి అత్తగారు, మనుమరాలికి అవ్వ ఈ యలవాటు నేర్పు యిండ్లు మీ యెఱుకలో నుండవచ్చును. నోటిలో తెల్లనిమచ్చ గాని, మానని పుండు గాని రెండుమూడు వారములకు మించి నిలిచినచో వైద్యునికి చూపుడని చెప్పుడు. చుట్ట మానుడని చెప్పుడు. ఆసుపత్రిలో ఆ పొరనుండి చిన్నముక్క తీసి అద్దము క్రింద పరీక్షింతురు. హుక్ బిరడాచెక్కను చూచిన పద్ధతియే అది; బిషా కోరిన యుపకారమే అది. గట్టుమీది చెట్టునకు ఒలిచిన బెరడును మరల అతికింపలేము. మన యింటివారి నోటిలోని పొర యింకను ఒలిచిపోలేదు. సకాలమున చూచుకొన్న దానిని నిలుపుకొనవచ్చును.